కొత్తగా కారు కొన్న సుజాతకు

చిరంజీవి సుజాతకు, బాబాయి ఆశీస్సులు.

ప్రతి చిన్నదానికీ మెకానిక్ దగ్గరికి పరిగెత్తాలా అని అడిగావు. అక్కర్లేదమ్మా. ముందు కారుతో వచ్చిన పుస్తకం చదువు. నా మాటకీ దానికీ తేడా వస్తే పుస్తకం చెప్పిందే చెయ్యి.

చదునైన చోట బండి ఆపి, ఇంజన్ ఆపేసిన పది నిమిషాలకి ఆయిల్ డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల, తియ్యి. మొదటిసారి కనిపించేది నమ్మకు, ఇంజన్ తిరిగినప్పుడు చిందిన ఆయిల్ పైదాకా అంటుకుని ఉంటుంది. గుడ్డతో తుడిచి, పూర్తిగా దించి, మళ్లీ తీసి చూడు. తడి రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు. నల్లబడిందని కంగారు పడకు, మసిని పట్టుకోవడం దాని పనే. పాలు కలిసినట్టు తెల్లటి నురగ కనిపిస్తే మాత్రం కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) కలిసిందేమోనని అనుమానించి, బండి తియ్యకుండా మెకానిక్‌ని పిలువు. తక్కువైతే కాస్త కాస్తగా పొయ్యి. పై గుర్తు దాటితే క్రాంక్ (ఇంజన్ లోపల తిరిగే ఇరుసు) దాన్ని చిలికి నురగ చేసేస్తుంది. అప్పుడది ఇంజన్ భాగాలకి సరిగా జిడ్డు పట్టించలేదు.

టైర్ల గాలి బండి నడపకముందే, చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత ఉండాలన్నది డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది, చిన్న కార్లకి చాలావరకు 30 నుంచి 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య. టైరు పక్కన రాసి ఉండేది గరిష్ఠ పరిమితి, దాన్ని చూసి గాలి కొట్టించకు.

బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే పొద్దున్నే స్టార్టు కాక ఏడిపిస్తుంది. వంట సోడా కలిపిన నీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు. ఊడదీసేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. వయసులో ఉన్నప్పుడు ఈ వరస నేను పట్టించుకోలేదు. ప్లస్ నట్టు తిప్పుతుంటే పానా రెండో కొస బాడీకి తగిలింది. ఫట్ మని నిప్పురవ్వలు. పానా మీద చిన్న గుంట పడింది. అదింకా నా డబ్బాలోనే ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను. బాడీ మైనస్‌కి కలిపి ఉంటుంది కనక, మైనస్ ముందే తీసేసి ఉంటే బాడీకి తగిలినా ఏమీ అయ్యేది కాదు. గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టు.

కూలెంట్ డబ్బాని బయటి నుంచే చూడు, మట్టం మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉండాలి. ఇంజన్ వేడిగా ఉండగా మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి మీద ఉన్న నీరు మూత వదులైన క్షణంలో ఆవిరై మొహం మీదకి చిమ్ముతుంది. ఎవరు తొందరపెట్టినా ఆగు.

ఎయిర్ ఫిల్టరు, వైపర్లు మార్చడం నీకే వస్తుంది, ఒకసారి చూస్తే చాలు.

బ్రేకుల జోలికి మాత్రం పోకు. బ్రేక్ ఆయిల్ తగ్గితే పోసి ఊరుకోవద్దు. ప్యాడ్లు అరిగాయో, ఎక్కడైనా కారుతోందో మెకానిక్ తేల్చాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందకి దూరనే కూడదు.

ఈ ఉత్తరం అందగానే డిక్కీ తెరిచి స్టెప్నీలో గాలి ఎంతుందో చూసి నాకు రాయి. దాన్నెవరూ చూడరు.

నీ బాబాయి