యాప్‌లో 790, బ్యాంకులో 728: ఏది నమ్మాలి?

విశాఖ మధురవాడ ఫ్లాట్‌కి హోమ్‌లోన్ అడిగితే బ్యాంకు వాళ్లు క్రెడిట్ స్కోరు 728 అన్నారు, ఫోన్‌లో ఫ్రీ యాప్ 790 చూపిస్తోంది, యాప్ మోసమా అని కదా మీ ప్రశ్న.

మోసం కాదండి, రెండూ నిజమే అయ్యుండొచ్చు. మన అప్పుల వివరాలు దాచి స్కోరు ఇచ్చే బ్యూరోలు మనకి నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కోదాని లెక్క ఒక్కోలా ఉంటుంది. జనం మాత్రం అన్నిటినీ సిబిల్ అనేస్తారు. యాప్‌లో స్కోరు పక్కన ఏ బ్యూరోదో, ఏ తేదీదో చూడండి. సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

అయినా ఆ అంకె మీద అంత బెంగ ఎందుకు? లోన్ ఫైలు ఆగేది చాలాసార్లు బ్యూరో ఇచ్చే రిపోర్టులో ఒక్క లైను దగ్గర. డాబాగార్డెన్స్‌లో జీరో పర్సెంట్ ఈఎంఐ మీద ఫ్రిజ్ కొన్నారనుకోండి. కిస్తీలన్నీ కట్టేశారు. మధ్యలో ఒకసారి ఖాతాలో డబ్బు లేక ఈఎంఐ బౌన్స్ అయినప్పుడు వేసిన 500 ఛార్జీ మాత్రం అలాగే ఉండిపోయింది. ఇక ఆ లోను 'క్లోజ్డ్' అవ్వదు. దాని కింద నెలకో గడి ఉంటుంది, డీపీడీ అంటారు. అంటే గడువు దాటిన రోజులు. 000 గానీ ఎస్‌టీడీ (స్టాండర్డ్) గానీ ఉంటే ఫర్లేదు. 30, 60, 90 అని పెరుగుతుంటే లోన్ ఆఫీసరు కన్ను అక్కడే పడుతుంది.

ముందు ఆ బాకీ కట్టి, ముగింపు తేదీతో ఎన్‌ఓసీ, అంటే ఇక బాకీ లేదనే పత్రం, తీసుకోండి. తక్కువకి 'సెటిల్' చేస్తామంటే ఒప్పుకోకండి, రిపోర్టులో 'సెటిల్డ్' అని పడితే హోమ్‌లోన్‌కి అదే అడ్డు. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకి వివరాలు పంపాలి. అప్పటికీ మారకపోతే బ్యూరో సైట్‌లోనే డిస్ప్యూట్, అంటే తప్పు దిద్దమనే అర్జీ, పెట్టండి. అకౌంట్ ఎంచుకుని, తప్పున్న గడి చూపించి, ఎన్‌ఓసీ దగ్గర పెట్టుకోండి. బ్యూరో తనంతట తాను దిద్దదు, అప్పిచ్చినవాళ్లని అడుగుతుంది. 30 రోజులు దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం మీకు రావాలి. అదీ తేలకపోతే రిజర్వ్ బ్యాంక్ సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి.

పాత నెలల్లో నిజంగానే ఆలస్యమైతే ఆ గడులు ఎవరూ చెరపలేరు. 'స్కోరు పెంచుతాం, ఐదువేలివ్వండి' అనే ఏజెంట్లకి పైసా ఇవ్వకండి. మీరు ఇంట్లో కూర్చుని ఉచితంగా పెట్టుకోగల డిస్ప్యూటే వాళ్లూ పెట్టేది.

యాప్ ఎందుకు ఫ్రీ అంటారా? మీకు లోనో కార్డో అంటగడితే వాళ్లకి కమీషన్ వస్తుంది. ఈ పద్ధతికి పేరుమోసిన ఫ్రీ స్కోరు కంపెనీ క్రెడిట్ కర్మా అమెరికాలో ఇలాగే నడుస్తోంది. అర్హత లేనివాళ్లకీ 'ప్రీ అప్రూవ్డ్' అని ఊరించిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2022లో చర్య తీసుకుంటే 30 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. మన యాప్‌ల్లోనూ ఆ మాట కనిపిస్తే శాంక్షన్ అయిపోయిందనుకోకండి. పైగా సైన్ అప్ అప్పుడు టిక్ పెట్టేస్తే ఫోన్లే ఫోన్లు. యాప్ తీసేసినా ఆగవు. తీసేసేముందే ప్రొఫైల్‌లోకి వెళ్లి మీరు టిక్ పెట్టి ఇచ్చిన అనుమతి (కన్సెంట్) రద్దు చేయాలి.

పూర్తి రిపోర్టు ఒక్కో బ్యూరో ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాలి. సైట్‌లో డబ్బు ప్లాన్లే ముందు కనిపిస్తాయి, కంగారుపడి కట్టేయకండి. మీ స్కోరు మీరు చూసుకుంటే తగ్గదు. కానీ రిపోర్టులో ఆ తప్పు లైను సరి అయ్యేదాకా ఇంకో బ్యాంకులో అప్లై చేయకండి. ప్రతి అప్లికేషనూ రిపోర్టులో ఎంక్వైరీగా పడుతుంది.