వ్యాన్ డైనమోతో రెండో బ్యాటరీ: రిలే కొనేముందు మీటర్ పెట్టి చూడు

ప్రశ్న: అన్నా, మాది పరకాల. ఆర్నెల్ల కింద మాస్టర్స్ చదవడానికి లీడ్స్ వచ్చాను. నలుగురం కలిసి 2017 మోడల్ వ్యాన్ కొని, వెనక పడుకునేలా చేసుకున్నాం. లైట్లకు, ఫోన్లకు, చిన్న ఫ్రిజ్‌కు 100 ఆంపియర్ అవర్ లీజర్ బ్యాటరీ, అంటే వెనక వాడుకోవడానికి రెండో బ్యాటరీ, పెడదామనుకుంటున్నాం. ఊళ్లో మెకానిక్‌ను వీడియో కాల్‌లో అడిగితే "బండి బ్యాటరీ నుంచి వైర్ లాగి మధ్యలో రిలే పెట్టు, అదే ఎక్కుతది" అన్నాడు. సరిపోతుందా?

జవాబు: తమ్మీ, ఆయన చూసే బండ్లకు ఆయన చెప్పింది కరెక్టే. నేనిప్పుడు సెలవుకు హనుమకొండలో ఉన్నాను. నీ ప్రశ్న చదివి, నిన్న ములుగు రోడ్డులో తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర ఒక పాత డీజిల్ ట్రాలీకి మీటర్ పెట్టించాను. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు. ఇంజిన్ స్టార్టయ్యాక 14.2. యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా ఆ అంకె కదల్లేదు. అలాంటి డైనమోకు రిలే, అంటే వోల్టేజ్ చూసి తనంతట తానే ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్, చాలు. సాధారణంగా 13.3 దాటితే రెండు బ్యాటరీలనూ కలుపుతుంది, ఇంజిన్ ఆగి 12.8కి దిగితే విడదీస్తుంది. మేడారం జాతరలో రాత్రంతా బండి బ్యాటరీతో బల్బులు వెలిగించి, పొద్దున సెల్ఫ్ అందక నలుగురితో తోయించుకునేవాళ్లను నువ్వూ చూసే ఉంటావు. ఆ అవస్థ రాకుండా ఉండాలనే ఈ విడదీయడం.

మీ వ్యాన్ సంగతి వేరు. అక్కడ యూరో 6 అనే కాలుష్య ప్రమాణంతో వచ్చిన వ్యాన్లలో చాలావాటికి స్మార్ట్ డైనమో ఉంటుంది. డీజిల్ ఆదా కోసం కంప్యూటర్ దాని వోల్టేజ్‌ను తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. ఇది తెలియక నేను కూడా అక్కడ ఒక గ్యారేజీలో మా వ్యాన్‌కు రిలేనే పెట్టించాను. బర్మింగ్‌హామ్ నుంచి లేక్ డిస్ట్రిక్ట్ దాకా మూడు గంటలు నడిపాం, బ్యాటరీ నిండి ఉంటుందనుకున్నాం. రాత్రి పదింటికి ఫ్రిజ్ ఆగింది, కాసేపటికి హీటర్ ఫ్యాన్ కూడా ఆగింది. అక్టోబర్ చలి, పాపకు రెండేళ్లు. మా దుప్పట్లు కూడా తన మీదే కప్పి తెల్లవార్లూ కూర్చున్నాం. తిరుగు ప్రయాణంలో మా ఆవిడ మీటర్ ఒళ్లో పెట్టుకుని చదువుతూ వచ్చింది. మోటార్‌వే మీద 12.5, కాలు తీయగానే 14.9, మళ్లీ తొక్కితే 12.5. రిలే కలిసేదే పల్లపు దారుల్లో, బ్రేకుల దగ్గర. ఇక బ్యాటరీ ఎక్కడ నిండుతుంది!

దీనికి మందు డీసీ-డీసీ చార్జర్. ఇంజిన్ వైపు నుంచి 12.5 వచ్చినా, 14.9 వచ్చినా, అటువైపు బ్యాటరీకి కావాల్సిన వోల్టేజే పంపిస్తుంది. మీకు 30 ఆంపియర్లది సరిపోతుంది. సగం ఖాళీ అయిన 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ దాదాపు రెండు గంటల డ్రైవింగ్‌లో నిండుతుంది. లెడ్ యాసిడ్ అయితే 80 శాతం దాటాక కరెంట్ తీసుకోవడం బాగా తగ్గిస్తుంది, పూర్తిగా నిండాలంటే ఇంకొన్ని గంటలు పడుతుంది. పైగా దాన్ని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. మన ఇళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీతో పడే బాధే ఇది.

లిథియం కొంటే మాత్రం రిలే మాట మరిచిపోండి. అది ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, డైనమో కాలిపోయేంత వేడెక్కుతుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉంటే డైనమో ఫ్యాన్ కూడా మెల్లగా తిరుగుతుంది కాబట్టి మరీ ప్రమాదం. ఇంకొకటి, సున్నా డిగ్రీల కింద లిథియంను చార్జ్ చేయకూడదు. లీడ్స్ చలికాలంలో అది మామూలే. చలిలో చార్జింగ్‌ను తనంతట తానే ఆపేసే బ్యాటరీ తీసుకోండి.

వైర్ దగ్గర పిసినారితనం వద్దు తమ్మీ, నలుగురూ ఆ వైర్ల పక్కనే పడుకుంటారు. 30 ఆంపియర్లు బయటికి ఇచ్చే చార్జర్, లోపలికి 38 దాకా లాగుతుంది. ముందు నుంచి వెనక్కి ఐదు మీటర్లు ఉంటే 16 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి వైర్ వేయండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైర్ చవగ్గా దొరుకుతుంది, దాన్ని ముట్టుకోవద్దు. వైర్‌కు రెండు చివర్లా, ఏ బ్యాటరీకి ఆ బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. ఒక్క చివరే పెడితే, మధ్యలో వైర్ రేకుకు ఒరుసుకున్నప్పుడు ఫ్యూజు లేని వైపు బ్యాటరీ దాన్ని మండిస్తుంది.

ఎర్త్ వైర్‌ను బండి బ్యాటరీ నెగటివ్ మీద బిగించకండి. అక్కడ చిన్న సెన్సర్ ఉంటుంది, దాని లెక్క తప్పుతుంది. చాసిస్ మీద పెయింట్ గీకి, మెరిసే ఇనుము కనబడ్డాక బోల్టు వేయండి. పని పూర్తవగానే ఇన్సూరెన్స్ వాళ్లకు బండిలో చేసిన మార్పులు చెప్పండి, దాచితే క్లెయిమ్ రోజు ఇబ్బంది పడతారు.

ముందు ఈ ఆదివారం ఒకరు నడపండి, ఇంకొకరు పక్కన మీటర్ చూడండి. ఇంజిన్ ఆపినప్పుడు ఎంత, మోటార్‌వే మీద ఎంత, కాలు తీసినప్పుడు ఎంత, ఈ మూడు అంకెలు నాకు రాసి పంపు. అప్పటిదాకా ఏదీ కొనకండి.