సీడీ ప్లేయర్ మార్చే ముందు స్పీకర్లు జరిపి చూడండి

సందేహం: ఉద్యోగం మీద ఈమధ్యే డాలస్ వచ్చాం. గరాజ్ సేల్‌లో పాత స్టీరియో రిసీవర్, ఒక జత స్పీకర్లు, ఇరవై ఏళ్ల నాటి సీడీ ప్లేయర్ కలిపి చవగ్గా దొరికాయి. పాటలు బాగానే వినిపిస్తున్నాయి. కానీ ఆ ప్లేయర్ తీసేసి ఏడెనిమిది వందల డాలర్లలో మంచిది కొంటే తేడా మీకే తెలుస్తుందని ఆఫీసులో ఒకాయన అంటున్నారు. కొనమంటారా?

జవాబు: మీ ప్లేయర్ డిస్కుల్ని తడబడకుండా చదువుతోందంటే కొనొద్దనే చెబుతాను.

మీ ఆఫీసాయన మాట ఒకప్పుడు నిజమే. సోనీ 1982 అక్టోబరులో జపాన్‌లో సీడీ ప్లేయర్ అమ్మకానికి పెట్టిన రోజుల్లో, అంకెల్ని ధ్వనిగా మార్చే చిప్ తయారు చేయడమే పెద్ద పని. ఫిలిప్స్ వాళ్ళు మొదట్లో 14 బిట్ల చిప్‌తోనే నెట్టుకొచ్చారు. అప్పుడు ప్లేయర్‌కీ ప్లేయర్‌కీ తేడా ఉందంటే నమ్మొచ్చు. సీడీలో ఉండే సరుకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే: సెకనుకి 44,100 శాంపిల్స్ (ధ్వని కొలతలు), ఒక్కోటి 16 బిట్లు. దాన్ని శుభ్రంగా బయటికి తీయడం ఇప్పుడు చౌక పని. యాపిల్ తొమ్మిది డాలర్లకి అమ్మే హెడ్‌ఫోన్ డాంగిల్ కూడా ఆ పని చక్కగా చేస్తుంది.

నా మాట మీద నమ్మకం లేకపోతే మీరే పరీక్ష పెట్టుకోండి. మీ ప్లేయర్ వెనక ఆప్టికల్ అనో కోయాక్సియల్ అనో డిజిటల్ అవుట్‌పుట్ ఉందేమో చూడండి. ఉంటే వంద డాలర్లలోపు డ్యాక్ (అంకెల్ని ధ్వనిగా మార్చే చిప్ ఉన్న చిన్న డబ్బా) ఒకటి ఆర్డర్ చేసి, ఆ అవుట్‌పుట్‌కి తగిలించండి. నచ్చకపోతే వెనక్కి తీసుకునే చోటే కొనండి, రీస్టాకింగ్ ఫీజు (వెనక్కిస్తే కోసుకునే డబ్బు) ఉందో లేదో ముందే చదవండి. ప్లేయర్ నుంచి ఎరుపు, తెలుపు వైర్లు రిసీవర్‌లో ‘సీడీ’ అన్నచోట, డ్యాక్ నుంచి వచ్చే వైర్లు ‘ఆక్స్’ అన్నచోట పెట్టండి. ‘ఫోనో’ అన్నచోట మాత్రం పెట్టకండి, అది రికార్డ్ ప్లేయర్‌కి. ఇప్పుడు ఒకే పాట రెండు దారుల్లో వస్తోంది. మీరు కళ్ళు మూసుకుంటే, ఇంట్లోవాళ్ళు రిమోట్‌తో అటూ ఇటూ మారుస్తారు.

ఇందులో ఒక కిటుకుంది. రెండింటి సౌండూ సమానంగా ఉండాలి. కొంచెం గట్టిగా వినిపించేది మన చెవికి ‘క్వాలిటీ’గా అనిపిస్తుంది. షోరూముల్లో ఖరీదైన ప్లేయర్ గెలవడానికి చాలాసార్లు అదే కారణం. మల్టీమీటర్ ఉంటే ఒక టెస్ట్ టోన్ (ఒకే స్థాయిలో మోగే ధ్వని) వేసి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర ఓల్టేజీ చూసి సరిచేసుకోండి. లేకపోతే ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్‌తో కానివ్వండి. తర్వాత ఏది ఏదో మీరు వరసగా సరిగ్గా చెప్పగలిగితే, కొనుక్కోండి, నేను అడ్డు చెప్పను.

అసలు మీరు చూసుకోవాల్సింది స్పీకర్లు. గరాజ్ సేల్ వాటి ముందు గుడ్డ తీసి, గరాటులా ఉండే కోన్ చుట్టూ ఉన్న అంచుని వేలితో మెల్లగా తాకండి. ఫోమ్ అంచు అయితే పదిహేను, ఇరవై ఏళ్లకి పొడిపొడిగా రాలిపోతుంది. అప్పుడు బేస్ గరగరమంటుంది, నింద సీడీ ప్లేయర్ మీద పడుతుంది. కొత్త ఫోమ్, జిగురు కలిపి కిట్‌గా దొరుకుతాయి, ఓపికుంటే ఒక శనివారం పని. రబ్బరు అంచు అయితే బెంగ లేదు.

స్పీకర్లని గోడకి ఆనించి పెట్టారేమో చూడండి. చాలామంది మూలల్లో నెట్టేస్తారు, అక్కడ బేస్ మోత ఎక్కువవుతుంది. గోడ నుంచి అడుగున్నర ముందుకి లాగండి. చిన్న స్పీకర్, అదే ట్వీటర్, మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తుకి రావాలి. రెండు స్పీకర్లకీ మధ్య ఎంత దూరమో, మీకూ అంతే దూరం ఉంటే మంచిది. దీనికి పైసా ఖర్చు లేదు, మార్పు మాత్రం మొదటి పాటకే తెలుస్తుంది. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు అయితే కింద రబ్బరు ప్యాడ్లు కూడా వేయండి. ఇక్కడివి చెక్క ఫ్లోర్లు, మన ఊళ్ళో సిమెంటు స్లాబులు కావు. బేస్ నేరుగా కింది వాళ్ళ పడగ్గదిలోకి దిగుతుంది, మర్నాడు లీజింగ్ ఆఫీసు నుంచి ఈమెయిల్ వస్తుంది.

ఇంకో మాట, మీరు వినేది ఏమిటి? ఘంటసాల 1974లోనే కన్నుమూశారు. సీడీ వచ్చింది ఆ తర్వాత ఎనిమిదేళ్లకి. అంటే ఆయన పాటల సీడీలన్నీ టేపు నుంచో రికార్డు నుంచో ఎక్కించినవే. ఎక్కించినవాళ్ళు హిస్ (వెనక వినిపించే సన్నని బుస) తగ్గించబోయి గొంతులో మెరుపు కూడా తీసేసి ఉంటే, ఏ ప్లేయరూ దాన్ని తిరిగి తేలేదు. వేరే కంపెనీ వేసిన డిస్కు దొరికితే పోల్చి చూడండి, రెండు ప్లేయర్ల మధ్య కన్నా రెండు ట్రాన్స్‌ఫర్ల మధ్యే తేడా ఎక్కువ.

ప్లేయర్ నిజంగా మార్చాల్సిన సందర్భాలు లేకపోలేదు. పాట ఎగిరెగిరి పడుతుంటే ముందు డిస్కుని మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవండి, గుండ్రంగా కాదు. అప్పటికీ తగ్గకపోతే ప్లగ్ తీసి, దూది పుల్లతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొంచెం అద్ది లెన్స్ తుడవండి. ట్రే బయటికి రాకపోతే చాలాసార్లు లోపల రబ్బరు బెల్టు సాగి ఉంటుంది, కొన్ని డాలర్లలో పనైపోతుంది. లేజరే అరిగిపోతే ఇక మార్చేయండి. అలాగే ఇండియా నుంచి తెచ్చుకున్న, నూటపాతిక పాటలుండే ఎంపీత్రీ సీడీల్ని పాత ప్లేయర్లు చాలావరకు చదవలేవు. వాటికి ఖరీదైన ప్లేయర్ అక్కర్లేదు, ఇరవై, ముప్పై డాలర్ల డీవీడీ ప్లేయర్ చాలు. దాంట్లో మామూలు సీడీలు కూడా పాడతాయి. డీవీడీలకున్న రీజియన్ కోడ్ గొడవ సీడీలకి లేదు.

ఇంట్లో రాసిన సీడీ-ఆర్‌లు ఉంటే, నాన్నగారు క్యాసెట్ల నుంచి చేయించినవి లాంటివి, వాటిని ఈ వారమే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. వాటిలో డేటా ఉండేది రంగు పొర మీద, అది ఎండకీ వేడికీ పోతుంది. డాలస్ ఎండల్లో కార్లో అసలు వదలకండి. ఫ్లాక్ ఫార్మాట్‌లో పెడితే నాణ్యత ఏమీ పోదు. ఒక సీడీ మామూలుగా మూడు, నాలుగు వందల ఎంబీలు పడుతుంది.

వీసా సంగతి తేలక, రెండేళ్లలో వెనక్కి వెళ్లే అవకాశం ఉంటే ఏది కొన్నా వెనక ప్లేట్ చదవండి. 120 ఓల్టులు అని మాత్రమే ఉంటే ఇండియాలో 230కి నేరుగా పెట్టకూడదు, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. సీడీ ప్లేయర్ వాడుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి చిన్నది సరిపోతుంది. రిసీవర్‌కి మాత్రం బరువైనదే కావాలి, దాన్ని విమానంలో మోసుకెళ్లడం కన్నా ఇక్కడే ఎవరికైనా అమ్మేయడం నయం.