సూది వేసే చెయ్యి ఒక్కటే అయితే ఎలా?

ప్రశ్న: మాది రాయగడ. మా పామరేనియన్ ఆడకుక్కకి తొమ్మిదేళ్ళు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. గిన్నెలకు గిన్నెలు నీళ్ళు తాగడం, ఉచ్చ పోసిన చోట చీమలు పట్టడం చూసి డాక్టర్‌కి చూపిస్తే షుగర్ అన్నారు. అప్పట్నుంచి రెండు పూటలా ఇన్సులిన్. ఆ కుక్కని తెచ్చిన మా అబ్బాయి బెంగళూరులో ఉండి వీడియో కాల్‌లో సలహాలు చెబుతాడు. మావారు 'ఇంజెక్షన్ ఇప్పించి శాశ్వతంగా నిద్రపుచ్చేద్దాం' అంటారు. అత్తగారికీ షుగరే. 'నా సూది నేనే పొడుచుకుంటున్నా, కుక్కకి మాత్రం కోడలు అలారం పెట్టుకుని లేస్తుంది' అని దెప్పుతారు. పార్వతీపురంలో చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళి, సాయంత్రం సూది వేళకి తలంబ్రాలు కూడా చూడకుండా వచ్చేశాను. ఇప్పుడు దాని కళ్ళు తెల్లబడుతున్నాయి. ఒక్కోసారి ఇది పోతే బాగుణ్ణు అనిపిస్తుంది, వెంటనే భయమేస్తుంది. పాపం చేస్తున్నానా?

జవాబు: లేదమ్మా. మంచాన పడ్డ తల్లిదండ్రులకు చేసేవాళ్ళకీ ఆ ఆలోచన వస్తుంది, పైకి చెప్పరంతే. మీకు దాని మీద ప్రేమ తగ్గలేదు, మీ ఒంట్లో ఓపిక తగ్గింది. ఇంట్లో ఇంకా మనుషులున్నా సూది పట్టుకునే చెయ్యి ఒక్కటే కావడమే మీ అసలు సమస్య.

ముందు అత్తగారి సంగతి. ఆవిడ మాటలో దెప్పు ఉంది, న్యాయమూ ఉంది. నా సూది వేళ ఎవరికీ గుర్తుండదన్నది ఆవిడ బాధ. రేపటి నుంచి కుక్క సూది, ఆవిడ సూది ఒకే వేళకి పెట్టుకోండి. ముందు ఆవిడ పక్కన కూర్చుని 'ఈ పూట ఎంత, అత్తయ్యా?' అని అడగండి. తర్వాత, మీ ఆయనకి నేర్పమని ఆవిడనే బతిమాలండి. ఇన్నాళ్ళుగా పొడుచుకుంటున్న మనిషి, మీ ఇంట్లో ఈ పని ఆవిడకన్నా బాగా తెలిసినవాళ్ళెవరు? మీరు చెబితే విసుక్కునే మనిషి తల్లి చెబితే సిరంజి పట్టుకుంటారు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఫ్రిజ్‌లో ఇద్దరి మందూ ఒకచోట పెట్టకండి. ఇన్సులిన్ మిల్లీలీటరుకి 40 యూనిట్ల సీసాలోనూ వస్తుంది, 100 యూనిట్ల సీసాలోనూ వస్తుంది. దేని సిరంజి దానికే. 100 సీసాలోంచి 40 సిరంజితో తీస్తే రెండున్నర రెట్ల మందు లోపలికి పోతుంది. కుక్క సీసా, సిరంజిలు వేరే డబ్బాలో పెట్టి, పైన దాని పేరు రాయండి.

గోడ క్యాలెండర్ మీద సూది వేసినవాళ్ళే టిక్ పెట్టాలి. వేశామో లేదో అనుమానం వస్తే ఆ పూట మానేయండి. ఒక పూట తప్పితే ఏమీ కాదు, రెండుసార్లు పడితేనే ప్రాణం మీదకి వస్తుంది. అన్నం తినకపోతే మామూలు డోసు వేయకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి. తూలుతున్నా, వణుకుతున్నా, ఫిట్స్ వచ్చినా గ్లూకోజో తేనో చిగుళ్ళకి రాసి, వెంటనే తీసుకెళ్ళండి. గొంతులో పోయకండి. టీతో అత్తగారు పెట్టే మేరీ బిస్కెట్లూ, మార్గశిర గురువారాల్లో పక్కింటి ఒడియావాళ్ళిచ్చే అరిసె పిఠా ముక్కా బంద్. (ఇది చెప్పడమే అన్నిటికన్నా కష్టం, నాకు తెలుసు.)

కళ్ళు తెల్లబడడం శుక్లాలు కావచ్చు, షుగరున్న కుక్కల్లో ఎక్కువమందికి వచ్చేదే. ఒకసారి డాక్టర్‌కి చూపించండి. చూపు పోయినా అది ముక్కుతో ఇల్లంతా తిరుగుతుంది. మంచం, నీళ్ళ గిన్నె ఉన్నచోటు మార్చకండి, చాలు.

మీ ఆయన్ని కఠినాత్ముడని అనలేను. అలసిపోయిన భార్యని చూస్తున్నారు, ఆయనకి తోచిన దారి అదొక్కటే. 'ముందు రోజూ సాయంత్రం సూది మీరు వేయండి, కొన్నాళ్ళయ్యాక మాట్లాడదాం' అనండి. సూది వేస్తే తిని, తోక ఊపి, వీధిలో ఎవరో వస్తే మొరిగే కుక్కకి ఆ నిర్ణయం ఇప్పుడు అక్కర్లేదు. ఎంత చేసినా తిండి మానేసి, లేవలేక, నొప్పితో మూలిగే రోజు వస్తే అప్పుడు డాక్టర్‌ని అడగడం తప్పు కాదు. ఆ రోజు మీరొక్కరే నిర్ణయించకండి.

మిగిలింది మీ అబ్బాయి. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలో ఎదకొచ్చిన తర్వాత హార్మోన్ల వల్ల ఇన్సులిన్ సరిగా పని చేయదు, అందుకే గర్భసంచి తీయించమంటారు. మీ డాక్టర్ సరేనంటే ఆలస్యం చేయకండి. రాయగడలో కుదరకపోతే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, వెళ్ళేముందు కనుక్కోండి. ఆ పని మీ అబ్బాయిది. 'సలహాలు చాలు నాన్నా, ఆపరేషన్ ఖర్చు నీది, ఆ నాలుగు రోజులు సెలవు పెట్టి దాని దగ్గర ఉండేదీ నువ్వే' అని చెప్పండి. వాడొచ్చిన రోజుల్లో మీరు పార్వతీపురం వెళ్ళి చెల్లెలింట్లో రెండు రాత్రులు పడుకుని రండి. ఫోన్ చేసి సూది వేశారా అని మాత్రం అడగకండి.