పదేళ్లు దాటిన లాప్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ, ర్యామ్ వేయించడం దండగా?

2012 నాటి లాప్‌టాప్, ఆన్ అవ్వడానికే ఐదు నిమిషాలు, దీనికి ఇంకా డబ్బు పెట్టాలా లేక కొత్తది కొనాలా అని అడిగారు. కొనకండి, ముందు దీన్ని బాగు చేసుకోండి. నా దగ్గర అదే ఏడాది వచ్చిన లెనోవో లాప్‌టాప్ థింక్‌ప్యాడ్ ఎక్స్230 ఉంది, ఈ జవాబు దాంట్లోనే టైప్ చేస్తున్నా.

మొదట ఎస్ఎస్‌డీ, ర్యామ్ సంగతి ఆ తర్వాతే. పాత హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, దాని మీద హెడ్ అటూ ఇటూ కదిలి ఒక్కో ఫైలూ వెతుక్కోవాలి, మీ ఐదు నిమిషాల్లో ఎక్కువ భాగం ఆ వెతుకులాటకే పోతోంది. దాని బదులు పెట్టే ఎస్ఎస్‌డీలో అంతా చిప్‌లే, తిరిగేవీ కదిలేవీ ఉండవు. షాపులో 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ అనే అడగండి, ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం ఎస్ఎస్‌డీ ఎంత ఫాస్ట్ అయినా ఆ కాలం లాప్‌టాప్‌లో పెట్టడానికి చోటు ఉండదు. ఎక్స్230 లాంటి వాటిలో మందం కూడా 7 మిల్లీమీటర్లు మించకూడదు.

ర్యామ్ కొనేటప్పుడు డీడీఆర్3ఎల్ అనే తక్కువ వోల్టేజీ రకం తీసుకోండి. మామూలు డీడీఆర్3కి 1.5 వోల్టులు, ఎల్ రకానికి 1.35 చాలు, కానీ అది 1.5 స్లాట్లో కూడా పనిచేస్తుంది. 2013 తర్వాత వచ్చిన డీడీఆర్3 లాప్‌టాప్‌లలో చాలావరకు ఎల్ తప్ప మామూలు డీడీఆర్3 తీసుకోవు.

అందరూ వదిలేసేది ఫ్యాన్. నాది విప్పితే వేడి బయటికి పోయే రాగి రెక్కల ముందు దుమ్ము దుప్పటి ముక్కలా పేరుకుపోయి ఉంది, ట్వీజర్‌తో లాగితే మొత్తం ఒకేసారి ఊడొచ్చింది. ప్రాసెసర్ వేడిని లాగేందుకు దాని మీద రాసే థర్మల్ పేస్టు ఎండి పొడిగా రాలుతోంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్త పేస్టు రాశాను. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి, ఇది చేయకపోతే ఎస్ఎస్‌డీ వేసినా వీడియో కాల్‌లో మళ్లీ నత్తనడకే.

విప్పే ముందు బ్యాటరీ తీసేయండి. అది ఉబ్బి ఉంటే నొక్కొద్దు, గుచ్చొద్దు, అలాంటిది నేరుగా మెకానిక్‌కి ఇవ్వడమే మంచిది. కీబోర్డ్ రిబ్బన్ కేబుల్‌కి చిన్న లాక్ ఉంటే గోరుతో లేపాకే లాగండి.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, 11 అధికారికంగా వీటికి రాదు. విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి, తెలుగు టైపింగ్ కూడా వస్తుంది.

మదర్‌బోర్డ్ పోయినా, 4 జీబీ ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి వేరే స్లాట్ లేకపోయినా మాత్రం డబ్బు పెట్టొద్దు. హైదరాబాద్‌లో ఉంటే ఈ విడిభాగాల కోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వెతకండి, షాపులో పని చేయిస్తే పాత డిస్క్ అడిగి వెనక్కి తీసుకోండి, మీ ఫొటోలు, కాగితాలు అన్నీ అందులోనే ఉంటాయి.