సెన్సర్ మార్చినా లైట్ మళ్లీ వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నాది ఎనిమిదేళ్ల చిన్న పెట్రోల్ కారు. రెండు నెలలుగా చెక్ ఇంజిన్ లైట్ వస్తోంది, కొన్ని రోజులకు దానంతటదే పోతోంది. స్టార్ట్ చేయగానే ఏమీ ఉండదు. అరగంట నడిపాక గతుకుల్లో పడ్డప్పుడో, వాన నీళ్లలోంచి వెళ్లాకో వస్తుంది. స్కాన్ చేయిస్తే పి0135 అనే తప్పు కోడ్, ఒకసారి మాత్రం పి0131 అని చూపించింది. మెకానిక్ ముందు వైపు ఆక్సిజన్ సెన్సర్ (ఇంజిన్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేది) మార్చాడు. పది రోజులు బాగుంది, మళ్లీ మొదలైంది. మైలేజీ కూడా తగ్గింది. కొత్త సెన్సర్ కూడా పోయిందా? ఇంకోటి కొనాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇప్పుడే ఇంకోటి కొనకండి. గతుకులు, తడి, వేడి అని మీరే రాశారు, సగం జవాబు అందులోనే ఉంది. వయసు మీద పడిన సెన్సర్ మెల్లగా మందగిస్తుంది, రోజూ ఇంచుమించు ఒకేలా ఇబ్బంది పెడుతుంది. కుదుపుకీ తడికీ మారేది ఎక్కువగా వైరు, కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు), ఎర్త్. ఆ పది రోజులు బాగుండటానికి కూడా నాకు తోచే కారణం ఇదే: సెన్సర్ మార్చేటప్పుడు కప్లర్ ఊడదీసి మళ్లీ గట్టిగా నొక్కి ఉంటారు, దాంతో పిన్నులు కాస్త బాగా తగిలి ఉంటాయి, తర్వాత మళ్లీ వదులై ఉంటాయి.

పి0135 అంటే సెన్సర్ పోయిందని కాదు. ఇంజిన్ వైపు ఉన్న మొదటి సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో తేడా ఉందని మాత్రమే. ఈ సెన్సర్ కొసలో ఉండే జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితేగానీ సరిగ్గా పనిచేయదు, అందుకే దాన్ని త్వరగా వేడెక్కించడానికి లోపల చిన్న హీటర్ పెడతారు. ముందు సెన్సర్‌కు ఎన్ని వైర్లు ఉన్నాయో లెక్కపెట్టండి. నాలుగుంటే చాలావరకు మామూలు రకం: రెండు హీటర్‌వి (తరచుగా రెండూ ఒకే రంగులో ఉంటాయి), ఒకటి సిగ్నల్, ఒకటి దాని ఎర్త్. ఐదో ఆరో ఉంటే అది వైడ్‌బ్యాండ్ రకం, దానికి కింద చెప్పే సిగ్నల్ వోల్టేజీ లెక్కలు పనికిరావు.

ఇంకో మాట. చాలా కోడ్‌లకు లైట్ వెంటనే వెలగదు. ఒక ప్రయాణంలో తప్పు కనిపిస్తే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ దాన్ని పెండింగ్ కోడ్‌గా రాసుకుంటుంది, తర్వాతి ప్రయాణంలో కూడా కనిపిస్తేనే లైట్ వేస్తుంది. వరసగా మూడు ప్రయాణాలు పరీక్ష బాగా వస్తే ఆర్పేస్తుంది. మీకు లైట్ దానంతటదే పోవడం అందువల్లే. కాబట్టి లైట్ వెలిగిన గతుకు దగ్గరే తప్పు జరిగిందని అనుకోవద్దు, స్కానర్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచి చూడమనండి. తప్పు నమోదైన క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, వేగం ఎంత, ఆర్‌పీఎం ఎంత అని అందులో ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే కోడ్ చెరిపేస్తారు, దాంతోపాటు ఆ సమాచారమూ పోతుంది, నాకు అది చూస్తే నిజంగా బాధేస్తుంది.

ఇక చేతితో చూడాల్సిన పని. ఇంజిన్ పూర్తిగా చల్లారాక సెన్సర్ నుంచి వైరు వెళ్లే దారంతా వేళ్లతో తడుముతూ వెళ్లండి. క్లిప్పు ఊడి వైరు సైలెన్సర్ పైపు మీద వాలిందేమో చూడండి. వాలిన చోట ఇన్సులేషన్ మెరుస్తూ, కాస్త చదునుగా, నల్లటి చారతో కనిపిస్తుంది. పైకి అంత చిన్న గుర్తే ఉన్నా లోపల రాగి తీగలు పైపుకు తగులుతూ ఉండొచ్చు. వేడికి మెత్తబడి కుదుపుకు తగిలితే ఫ్యూజ్ పోతుంది, లేదా సిగ్నల్ వైరు ఎర్త్ అయి పి0131 వస్తుంది, ఎందుకంటే ఆ కోడ్‌కు అర్థం సిగ్నల్ వోల్టేజీ మరీ తక్కువగా ఉందని. తర్వాత కప్లర్ విప్పి పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందా, ఏదైనా పిన్ను వెనక్కి జారిందా, ఆడ పిన్ను నోరు వెడల్పయిందా చూడండి. వాన నీళ్లకు కోడ్ వస్తోందంటే నా అనుమానం ముందు ఇక్కడే.

హీటర్ కొలవాలంటే కప్లర్ ఊడదీసి, సెన్సర్ వైపున్న రెండు హీటర్ పిన్నుల మధ్య ఓమ్‌లు చూడాలి. చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా కొన్ని ఓమ్‌ల నుంచి పదిహేను దాకా ఉంటుంది, మీ మోడల్‌కు సరైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. మీటర్ చూస్తూనే వైరును అటూ ఇటూ కదపండి. అంకె ఎగిరితే సెన్సర్ వైపు వైరే తెగుతోందని అర్థం.

అంకె నిలకడగా ఉంటే ఇక రెండో సగం, అంటే బండి వైపు కప్లర్. ఇక్కడే మెకానిక్‌లు మోసపోతారు. హీటర్‌కు సప్లై వచ్చే పిన్నులో మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు చూపిస్తుంది, కరెంటు వస్తోంది కదా అని వదిలేస్తారు. కానీ మల్టీమీటర్ దాదాపు ఏ కరెంటూ లాగదు, వైరులో ఒక్క పోగు మిగిలినా 12 చూపిస్తుంది. అందుకే ఇండికేటర్ బల్బు (21 వాట్లది) ఒక వైరు సప్లై పిన్నుకు, రెండోది బ్యాటరీ నెగటివ్‌కు కలిపి, ఇంజిన్ నడుస్తుండగా వెలుగు చూడండి. నిండుగా వెలగాలి. మసకగా ఉన్నా, వైరు కదిపితే మిణుకుమన్నా ఫ్యూజ్ దాకా, రిలే దాకా ఆ లైను వెతకండి. ఆ బల్బును హీటర్ రెండో వైరుకు మాత్రం పెట్టొద్దు, అది కంప్యూటర్ కంట్రోల్ చేసే వైరు.

వైరింగంతా బాగుండి పి0131 ఒక్కటే వస్తుంటే అప్పుడు సైలెన్సర్ లీకు చూడండి. మానిఫోల్డ్ గాస్కెట్‌లో (ఇంజిన్‌కు పొగ గొట్టం కలిసే చోటి సీలులో) చిన్న చీలిక ఉన్నా బయటి గాలి లోపలికి వచ్చి, గాలి, పెట్రోల్ మిశ్రమం మామూలుగానే ఉన్నా సెన్సర్ అది పల్చగా ఉందని, అంటే పెట్రోల్ తక్కువైందని చెబుతుంది. కంప్యూటర్ నమ్మి పెట్రోల్ పెంచుతుంది, మైలేజీ పడిపోతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో టిక్ టిక్ అని వినిపించి, వేడెక్కాక తగ్గిపోతే అది లీకు శబ్దం కావచ్చు. మిస్‌ఫైర్ అయినా ఇంతే, మండని సిలిండర్‌లోని ఆక్సిజన్ అలాగే బయటికి వస్తుంది.

అన్నీ సరిచేశాక వేడి ఇంజిన్‌ను 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి స్కానర్‌లో లైవ్ డేటా చూడండి. ముందు సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టు మధ్య చకచకా పైకీ కిందకీ ఊగుతుండాలి. కోడ్ చెరిపి, కొన్ని రోజులు చల్లటి స్టార్ట్ నుంచి నడిపి, పెండింగ్ కోడ్ ఏమైనా వచ్చిందా అని మధ్యలో చూస్తూ ఉండండి.

ప్రశ్న: సెన్సర్ నల్లగా మసిబారింది. పెట్రోల్‌తోనో, స్ప్రేతోనో కడగొచ్చా?

జవాబు: వద్దు. మసి అయితే వేడికి దానంతటదే కాలిపోతుంది, మసి ఎందుకు పట్టిందో చూడాలి, అంటే పెట్రోల్ ఎక్కువ పోతోందా, ఇంజిన్ ఆయిల్ తాగుతోందా అని. సిలికాన్ పేరుకుని తెల్లబారితే ఏ స్ప్రేకూ పోదు, అప్పుడు మార్చాల్సిందే. గాస్కెట్‌కు వాడే మామూలు సిలికాన్ సీలెంట్ వల్ల కూడా ఇలా అవుతుంది, డబ్బా మీద సెన్సర్‌కు హాని లేదని రాసిందే వాడండి. కాంటాక్ట్ క్లీనర్, గ్రీజు కప్లర్‌లోకి కొట్టకండి, చాలా సెన్సర్లు పోల్చుకోవడానికి కావాల్సిన బయటి గాలిని వైరు పోగుల మధ్య సందులోంచే తీసుకుంటాయి, ఆ దారి మూసుకుపోతుంది. సెన్సర్ వైరు తెగితే సోల్డరింగ్ వద్దనేది కూడా ఇందుకే. కొత్తది పెట్టేటప్పుడు యాంటీ సీజ్ పేస్టు (బిగుసుకుపోకుండా రాసేది) సెన్సర్ థ్రెడ్‌ల మీదే ఉండాలి, కొసకు తగలకూడదు. చాలా కొత్త సెన్సర్లకు అది ముందే రాసి వస్తుంది, మళ్లీ రాయక్కర్లేదు.