కందిరీగల గూటిలో రాణి ఎవరు?

ప్రశ్న: మా వంటింటి కిటికీ సన్‌షేడ్ కింద కందిరీగలు బూడిదరంగు గూడు కట్టాయి. చూడటానికి కాగితంలా ఉంది. దాన్ని దేనితో కడతాయి? తేనెటీగలకు ఉన్నట్లు వీటికీ రాణి ఉంటుందా? గూడు తీసివేయించాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అది నిజంగా కాగితమే. కందిరీగలు ఎండు కర్రల మీద, పాత తలుపు చెక్కల మీద నారను దవడలతో గీరి, లాలాజలంతో నమిలి ముద్దచేసి, ఆ ముద్దను పలుచగా సాగదీస్తూ ఆరు పలకల గదులు కడతాయి. వాటి పనితనాన్ని గమనించిన ఫ్రెంచి శాస్త్రవేత్త రెయోమ్యూర్, పాతగుడ్డలకు బదులు కలపతో కాగితం చేయవచ్చని 1719లోనే సూచించారు.

రాణి విషయం మరింత ఆసక్తికరమైనది. దక్షిణ భారతంలో విరివిగా కనిపించే రోపాలీడియా మార్జినేటా అనే జాతిని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గదగ్‌కర్, ఆయన శిష్యులు దశాబ్దాలపాటు పరిశీలించారు. ఈ జాతిలో రాణికీ కూలి ఈగలకూ రూపంలో తేడా కనిపించదు కనుక, ఒక్కొక్క ఈగకు రంగు చుక్క పెట్టి గుర్తుపట్టవలసి వస్తుంది. రాణి ఎవరినీ బెదిరించదు, కరవదు. పొట్ట కొసను గూటికి రుద్దుతూ తిరుగుతుంది, అలా అంటిన రసాయనమే తన ఉనికిని మిగతావాటికి తెలియజేస్తుంది. ఆ రాణిని తొలగిస్తే కాసేపటికే కూలి ఈగలలో ఒకటి తోటివాటి మీద విరుచుకుపడటం మొదలుపెడుతుంది, మిగిలినవి ఎదురుతిరగవు. పాత రాణిని తిరిగి వదిలితే ఇలా విరుచుకుపడిన ఈగ మళ్లీ మామూలు కూలి ఈగ అయిపోతుంది. వదలకపోతే సుమారు వారం రోజుల్లో గుడ్లు పెట్టడం ప్రారంభించి, క్రమంగా తానూ శాంతిస్తుంది. వారసురాలెవరో మనుషులు ముందుగా పసిగట్టలేకపోయినా కందిరీగలకు తెలిసే ఉంటుందని ఆ ప్రయోగాలు సూచించాయి. నన్ను అన్నిటికన్నా అబ్బురపరిచేది ఇదే.

ఇక గూడు సంగతి. కందిరీగలు గొంగళి పురుగులను వేటాడి, నమిలి తమ పిల్లలకు పెడతాయి కాబట్టి పెరటి మొక్కలకు మేలే జరుగుతుంది. గూడు చేతికందనంత ఎత్తులో ఉంటే కదిలించకుండా వదిలేయండి. అయితే మీరు రోజూ తెరిచే కిటికీ, పిల్లలు తిరిగే చోటు అయితే తెలిసినవారిచేత తీయించడమే మంచిది. వంటింటి పక్కన మంట పెట్టి తరమడం మాత్రం వద్దు. తేనెటీగలా కాక, ఒకే కందిరీగ పలుమార్లు కుట్టగలదు. కుట్టిన తరువాత ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.